పీవీసీ పైపు మీద కంపెనీ అక్షరాలు తీసేయాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మిద్దె తోటకు స్టాండు, చవితి పందిరికి చట్రం, పుట్టినరోజుకు బ్యాక్‌డ్రాప్, స్కూలు నాటకంలో రాముడి విల్లు. విశాఖలో ఇప్పుడు చాలామంది ఇవన్నీ పీవీసీ పైపులతోనే చేసుకుంటున్నారు. తీరా పని అయ్యాక చూస్తే పైపు పొడవునా కంపెనీ పేరు, ఐఎస్ఐ గుర్తు, బ్యాచ్ నంబరు, తేదీ నల్లగా కనబడుతుంటాయి. అవి ఎలా పోతాయని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. సందేహాలు దాదాపు అవే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసింది చూసుకోండి. ఒక్క మాట మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది: ఇంకు వదిలించడం సులువే, పైపు పైపొర చెడకుండా వదిలించడంలోనే ఓపిక కావాలి.

## మొదలుపెట్టే ముందు

ఈ అక్షరాలు దేనితో వేస్తారు? సబ్బుతో ఎంత రుద్దినా ఎందుకు పోవు?

ఫ్యాక్టరీలో పైపు తయారై ముందుకు కదులుతుండగానే ఇంక్‌జెట్ యంత్రం దాన్ని తాకకుండా సన్నటి చుక్కలు చిమ్మి అక్షరాలు వేస్తుంది. దగ్గర్నుంచి చూస్తే అక్షరాలన్నీ చుక్కలు చుక్కలుగా ఉండేది అందుకే. ఈ ఇంకులో ఎక్కువగా వాడే ద్రావకం మిథైల్ ఇథైల్ కీటోన్. పనివాళ్ళు ఎంఈకే అంటారు. అది క్షణాల్లో ఆవిరైపోతుంది, రంగూ, దాన్ని పట్టి ఉంచే జిగురు లాంటి రెసినూ పైపుకు అంటుకుని ఉండిపోతాయి. ఎంఈకేకి పీవీసీని కొద్దిగా మెత్తబరిచే గుణం కూడా ఉంది. ప్లంబర్లు పైపులు అతికించే సొల్యూషన్‌లో ఉండేవీ ఈ జాతి ద్రావకాలే. అందువల్ల ఇంకు పైపు పైపొరను కాస్త గట్టిగానే పట్టుకుంటుంది. ఆరిన రెసిన్ సబ్బు నీళ్ళకు కరగదు. దాన్ని కరిగించే ద్రావకమైనా కావాలి, లేదా ఆ పలుచటి పొరను గీకైనా తీయాలి.

నా దగ్గరున్నది ఏ రకం పైపో ఎలా తెలుసుకోవాలి?

మీరు తీసేయాలనుకుంటున్న అక్షరాలే ఆ సంగతి చెబుతాయి. అందుకే తుడిచే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఐఎస్ 4985 అని ఉంటే తాగునీటికి వాడే యూపీవీసీ, అంటే గట్టి పీవీసీ. ఐఎస్ 15778 అంటే వేడినీళ్ళకూ పనికొచ్చే సీపీవీసీ, సాధారణంగా మీగడ రంగులో ఉంటుంది. ఐఎస్ 13592 అంటే బాత్రూమ్, లెట్రిన్ నీళ్ళు పోయే ఎస్‌డబ్ల్యూఆర్ పైపు. ఐఎస్ 4984 అంటే నల్లటి హెచ్‌డీపీఈ, ఇది పీవీసీ కాదు, పాలిథీన్ జాతి ప్లాస్టిక్. రంగు చూసి ఊహించడం కన్నా నంబరు చదవడం మేలు. తెల్లగా ఉన్న ప్రతి పైపూ ఒకే ప్లాస్టిక్ కాదు. ప్లాస్టిక్ మారితే దాని మీద వాడదగిన ద్రావకమూ మారుతుంది.

ఏ పైపు మీదైనా అక్షరాలు తీసేయొచ్చా?

తీయకూడనివి ఉన్నాయి. ఇంట్లో ప్రెషర్‌తో నీళ్ళు పారే లైన్లు, గ్యాస్ పైపులు, అపార్ట్‌మెంట్లలో ఫైర్ లైన్లు, వీటి జోలికి వెళ్ళొద్దు. పైపు ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో, ఎవరు ఎప్పుడు చేశారో ఆ అక్షరాల్లోనే ఉంటుంది. రేపు లీకైతే ప్లంబర్ చూసేది దాన్నే, కంపెనీని వారంటీ అడగాలన్నా చూపించాల్సింది దాన్నే. స్టాండ్లు, పందిళ్ళు, బొమ్మలు, అలంకరణలు అయితే నిశ్చింతగా తీసేయండి. గుర్తులు చెరిపేసి పైపును కొత్తదిగానో ఇంకో రకంగానో అమ్మడం మాత్రం మోసం. దానికి ఈ పేజీ సాయం చేయదు.

తీయకుండా పని జరగదా?

చాలాసార్లు జరుగుతుంది. అక్షరాలు సాధారణంగా పైపుకు ఒకవైపే ఒక గీతలా ఉంటాయి. పైపును తిప్పి ఆ వైపు గోడకో నేలకో ఉండేలా బిగిస్తే చాలు. ఎల్బోలు (మలుపు ముక్కలు), టీలు (మూడు దారుల ముక్కలు) అతికించే ముందే ఈ లెక్క చూసుకోవాలి. సొల్యూషన్ పట్టాక పైపు తిరగదు. ఎలాగూ పెయింటు వేసే ఆలోచన ఉంటే ఇంకును పూర్తిగా వదిలించాల్సిన పని కూడా లేదు, గరుకు చేసి ప్రైమర్ వేస్తే కప్పుకుపోతుంది. పైపు అసలు రంగులోనే నాలుగు వైపులా కనబడాలి అనుకుంటేనే పూర్తిగా తీయాల్సి వస్తుంది.

మా పైపు మీద అక్షరాలు వేలికి తగులుతున్నాయి. ఇవి కూడా పోతాయా?

వేలికి గుంటలా తగిలితే అది వేడి అచ్చు. గుంట లేకుండా, రంగు మారినట్టు ఉండి ఏ ద్రావకానికీ గుడ్డకు నలుపు అంటకపోతే అది లేజర్ గుర్తు కావచ్చు. లేజర్‌లో ఇంకు ఉండదు, ప్లాస్టిక్కే మాడి రంగు మారుతుంది. ఈ రెండూ ద్రావకంతో పోవు. పలుచగా ఉంటే వాటర్ పేపర్‌తో, అంటే నీళ్ళతో వాడే ఉప్పు కాగితంతో, అరగదీయొచ్చు. లోతుగా ఉంటే పుట్టీ నింపి పెయింటు వేయడమే దారి.

## ఇంకు తీసేటప్పుడు

ముందు దేనితో మొదలుపెట్టాలి?

నీళ్ళతో. ఇది విశాఖ వాళ్ళకు మరీ ముఖ్యం. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ లాంటి సముద్రం దగ్గరి చోట్ల డాబా మీద పడి ఉన్న పైపు మీద ఉప్పు పేరుకుంటుంది. జ్ఞానాపురం, పాత పట్టణం వైపు నల్లటి దుమ్ము పడుతుంది. ఆ ఉప్పూ దుమ్మూ కడగకుండా గుడ్డతో రుద్దితే పైపు నిండా సన్నటి గీతలు పడతాయి. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో జాడించి, పూర్తిగా ఆరనివ్వండి.

తర్వాత సర్జికల్ స్పిరిట్ గానీ, మొబైల్ రిపేరు వాళ్ళు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ గుడ్డకు తడిపి ఒక అక్షరం మీద ప్రయత్నించండి. గుడ్డకు నలుపు అంటితే మీ అదృష్టం, అంతకన్నా ఘాటైనది అక్కర్లేదు. అంటకపోతే అసిటోన్. అసిటోన్‌తోనూ మొండికేస్తే నీళ్ళు, వాటర్ పేపర్. ఏది వాడినా మొదట పైపు చివర, కోసి పారేసే ముక్క మీద చూసుకోండి.

అసిటోన్ ఎలా వాడాలి? నేను వాడితే అంతా అలుక్కుపోయింది.

అలుక్కుపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎక్కువ పోయడం, ఇటూ అటూ రుద్దడం. అసిటోన్ ఇంకును కరిగిస్తుంది, అదే సమయంలో పీవీసీ పైపొరనూ మెత్తబరుస్తుంది. కరిగిన రంగు అక్కడే తిరుగుతుంటే మెత్తబడిన పొరలోకి దిగిపోతుంది. తడి గుడ్డను ముగ్గు మీద గుండ్రంగా తిప్పితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

పాత బనియన్ లాంటి తెల్లటి నూలు గుడ్డ తీసుకోండి. రంగు గుడ్డ వద్దు, దాని రంగే పైపుకు అంటవచ్చు. గుడ్డను నాలుగు మడతలు పెట్టి ఒక మూలకు మాత్రమే అసిటోన్ తగిలించండి. కారేంత తడి ఉండకూడదు. పైపు మీద నేరుగా పోయొద్దు. ఒక అక్షరం మీద పెట్టి ఒకే దిశలో ఒక్కసారి లాగి ఎత్తేయండి. గుడ్డకు నలుపు అంటిన చోటు మళ్ళీ పైపుకు తగలకూడదు. మడత మార్చి, శుభ్రమైన చోటుతో రెండోసారి లాగండి. రెండు మూడు లాగులకు ఒక జానెడు మేర శుభ్రపడుతుంది. ఆ జానెడు ఆరే దాకా పక్క భాగానికి వెళ్ళండి, అవసరమైతే తిరిగి రండి.

పైపు జిగటగా అనిపించినా, గుడ్డ పట్టి లాగినట్టు అనిపించినా వెంటనే ఆపేయాలి. పైపొర మెత్తబడిందని దానర్థం. వేలు పెడితే వేలిముద్ర కూడా పడుతుంది. కాసేపు ముట్టుకోకుండా వదిలేస్తే మళ్ళీ గట్టిపడుతుంది.

అసిటోన్ పీవీసీని కరిగించేస్తుందంటారు. పైపు బలహీనపడదా?

గిన్నెలో అసిటోన్ పోసి పైపు ముక్కను గంటల తరబడి నానబెడితే అది ఉబ్బి, మెత్తబడి, పాడవుతుంది. కొన్ని క్షణాలు తుడిచి వదిలేస్తే పైన కంటికి కనబడనంత పలుచటి పొర మెత్తబడి, అసిటోన్ ఆవిరయ్యాక గట్టిపడుతుంది. స్టాండుకో పందిరికో వాడే పైపుకు దీనివల్ల బలం తగ్గదు. భయపడాల్సింది పైపు వంగి ఒత్తిడిలో ఉన్నప్పుడు. విల్లులా వంచి కట్టిన పైపు మీద అసిటోన్ తగిలితే వంపు దగ్గర సన్నటి చీలికలు రావచ్చు. అందుకే వంచడానికి ముందే, పైపు తిన్నగా ఉన్నప్పుడే తుడిచేయాలి.

నెయిల్ పాలిష్ రిమూవర్ సరిపోతుందా?

సీసా మీద అసిటోన్ అని ఉంటే పనిచేస్తుంది. అసిటోన్ లేనిది అని రాసి ఉంటే అందులో సాధారణంగా ఇథైల్ ఎసిటేట్ లాంటి ద్రావకం ఉంటుంది. అదీ కొన్ని ఇంకులను వదిలిస్తుంది, కాకపోతే నెమ్మదిగా. చిక్కల్లా వాటిలో కలిపే నూనెలు, రంగు, సువాసనలతో. అవి పైపు మీద పలుచటి జిడ్డుగా మిగిలి, తర్వాత వేసే పెయింటును పట్టనివ్వవు. ఒకటి రెండు అక్షరాలకైతే సరే, ఆ చోటును తర్వాత సబ్బు నీళ్ళతో కడగండి. పైపులు ఎక్కువగా ఉంటే పెయింట్ షాపులో చిన్న సీసా అసిటోన్ కొనడమే నయం.

శానిటైజర్‌తో పోతుందని విన్నాను.

కొన్ని ఇంకులు వదులుతాయి, ముఖ్యంగా కొత్త పైపుల మీద. జెల్ శానిటైజర్ ఒక చోట నిలుస్తుంది కాబట్టి ఆల్కహాల్‌కు పనిచేసే సమయం దొరుకుతుంది. అక్షరాల మీద పూసి, నిమిషం ఆగి, ఒకే దిశలో తుడవండి. పైపుకు హాని లేదు. పోకపోతే పట్టుబట్టి రుద్దొద్దు, ఆ ఇంకు ఆల్కహాల్‌కు లొంగేది కాదు.

థిన్నర్, కిరోసిన్, పెట్రోల్ ఇంట్లో ఉన్నాయి. వాడొచ్చా?

పెట్రోల్ వద్దు. ఎంత కొద్దిగా అయినా వద్దు. దాని మంట ప్రమాదం ముందు ఏ పైపు అందమూ లెక్కలోకి రాదు. కిరోసిన్, టర్పెంటైన్ ఈ ఇంకు మీద పెద్దగా పనిచేయవు, జిడ్డు మాత్రం మిగులుస్తాయి. ఎన్‌సీ థిన్నర్ ఇంకును వదిలిస్తుంది, నిజమే. కానీ అందులో టోలుయిన్ లాంటివి సహా చాలా ద్రావకాల మిశ్రమం ఉంటుంది, ఏ కంపెనీది ఎలా ఉంటుందో ముందుగా చెప్పలేం. వాసన తలకెక్కుతుంది, ఆరడానికీ ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ పైపొర మెత్తగానే ఉంటుంది. ఇంట్లో ఉంది కదా అని దాన్ని వాడటం కన్నా స్పిరిట్ తెచ్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అక్షరాలు పోయాయి, కానీ పక్కకు తిప్పి చూస్తే నీడలా కనబడుతున్నాయి. ఎందుకు?

రెండు కారణాలుండొచ్చు. కొత్త పైపు అయితే ఇంకులోని ద్రావకం తాకిన చోట మెరుపు కొద్దిగా తగ్గి ఉంటుంది. రంగు పోయినా ఆ మెరుపు తేడా వెలుతురులో తెలుస్తుంది. ఎండలో చాలాకాలం ఉన్న పైపు అయితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఎండకు రంగు మారింది, అక్షరాల కింద ఉన్నది ఇంకు నీడలో ఉండి మారలేదు. దీనికి ఇంకా ఇంకా అసిటోన్ పూయడం దండగ, అక్కడ తీయడానికి ఇంకు మిగిలి లేదు. 400 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్ళు పోస్తూ ఆ వైపంతా పలుచగా రుద్దితే తేడా కలిసిపోతుంది. అక్షరాలున్న చోటే రుద్దితే అక్కడ పట్టీ వేసినట్టు ఉంటుంది, చివరి నుంచి చివరి దాకా ఒకేలా రుద్దాలి.

ఉప్పు కాగితం ఏ నంబరు వాడాలి? నీళ్ళు తప్పనిసరా?

నీళ్ళు తప్పనిసరి. పెయింట్ షాపులో వాటర్ పేపర్ అని అడిగితే నల్లటి కాగితం ఇస్తారు, అది తడిసినా చిరగదు. ఇంకు తీయడానికి 320, ఆ గీతలు పోగొట్టడానికి 400, తర్వాత 600. పెయింటు వేసేటట్టయితే 320 దగ్గరే ఆపేయండి, ఆ గరుకు పెయింటుకు పట్టునిస్తుంది. చెక్కకు వాడే 80, 100 నంబర్లు వద్దు, అవి వేసిన లోతు గీతలు పెయింటు కింద నుంచి కూడా కనబడతాయి. కాగితాన్ని పైపు చుట్టూ సగం వరకు చుట్టి పొడవునా లాగండి. అడ్డంగా రుద్దితే పైపు మీద చదునైన మచ్చలు పడతాయి. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ కూడా ఇంకును వదిలిస్తుంది, ఎల్బో వంపుల దగ్గర కాగితం కన్నా అదే అనువు.

నీళ్ళు ఎందుకంటే పొడి గాల్లోకి లేవకూడదు. పీవీసీ పొడి పీల్చడం మంచిది కాదు. పైగా పీవీసీ పైపుల తయారీలో సీసం కలిసిన స్టెబిలైజర్లు (ప్లాస్టిక్ వేడికి పాడవకుండా కలిపేవి) వాడేవారు, వాటిని నియంత్రిస్తూ కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు తెచ్చింది. మీ చేతిలో ఉన్న పాత పైపులో సీసం ఉందో లేదో చూసి చెప్పలేం. తడి చేసి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, ఆ నీళ్ళను మొక్కలకు పోయకండి, పని అయ్యాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. పిల్లలు ఆడే చోట ఈ పని వద్దు.

డ్రిల్‌కు వైర్ బ్రష్ పెట్టి చేస్తే త్వరగా అవుతుంది కదా?

త్వరగానే పాడవుతుంది. పీవీసీ 80 డిగ్రీల చుట్టుపక్కలకే మెత్తబడుతుంది. తిరిగే బ్రష్ ఒకే చోట కాస్త ఆగినా రాపిడి వేడికి ప్లాస్టిక్ అలుక్కుపోయి, ఇంకు దానిలో కలిసిపోతుంది. పొడి కూడా గదంతా లేస్తుంది.

వేడి చేసి తుడిస్తే?

వద్దు. హీట్ గన్‌తో ఇంకు పోకముందే పైపు వంకర పోతుంది. మంట తగిలి పీవీసీ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది కళ్ళనూ గొంతునూ మండిస్తుంది.

సీపీవీసీ పైపు మీద అసిటోన్ వాడొచ్చా?

నీళ్ళ లైనులో బిగించి ఉన్న సీపీవీసీ మీద ఏ ద్రావకమూ వాడొద్దు. దానికి కొన్ని రసాయనాలు తగిలితే, లోపల ఒత్తిడి కూడా ఉంటే, కాలక్రమంలో సన్నటి పగుళ్ళు వస్తాయి. వంటనూనెలు, కొన్ని రకాల రబ్బరులోంచి ఊరే ప్లాస్టిసైజర్లు (మెత్తదనం కోసం కలిపే రసాయనాలు) కూడా దానికి పడవు. వంటగదిలోనో బాత్రూమ్‌లోనో బయటికి కనబడే సీపీవీసీ లైను అక్షరాలు బాగోలేవనిపిస్తే నీళ్ళ ఆధారిత ఎమల్షన్ పెయింటు వేసేయండి. ఆయిల్ పెయింటు వద్దు. లైనుకు సంబంధం లేని విడి ముక్క అయితే స్పిరిట్, వాటర్ పేపర్ సరిపోతాయి.

నల్ల హెచ్‌డీపీఈ పైపుకు?

ఇది సులువు. అసిటోన్ హెచ్‌డీపీఈని కరిగించదు, ఇంకు కూడా దాన్ని అంత గట్టిగా పట్టుకోదు. తుడిస్తే వచ్చేస్తుంది. నీలం చారలు మాత్రం రావు, అవి పైపుతో పాటే పోసిన ప్లాస్టిక్. వాటిని పెయింటుతో కప్పుదామన్నా మామూలు పెయింటు ఈ ప్లాస్టిక్ మీద నిలవదు, పొరలుగా ఊడుతుంది.

గోడ మీద కరెంటు పైపులకు అక్షరాలున్నాయి. తుడవొచ్చా?

మెయిన్ ఆపి, స్పిరిట్ తడిపిన గుడ్డతో మాత్రమే. జాయింట్లు, బాక్సుల దగ్గరికి వెళ్ళొద్దు. లోపలి వైర్ల తొడుగు కూడా పీవీసీయే, అసిటోన్ లోపలికి జారితే దాన్నీ మెత్తబరుస్తుంది. ఇల్లు కట్టేటప్పుడే ఎలక్ట్రీషియన్‌కు చెప్పి అక్షరాల వైపు గోడకు పెట్టించుకుంటే ఈ బాధే ఉండదు.

అక్షరాలు పోయాయి గానీ, అతికించేటప్పుడు కారిన సొల్యూషన్ చుక్కలు ఎలా తీయాలి?

సొల్యూషన్ అంటే ద్రావకంలో కరిగిన ప్లాస్టిక్. అది పైపుతో కలిసి ఒకటైపోతుంది కాబట్టి తుడిస్తే రాదు. తడిగా ఉన్నప్పుడే పొడి గుడ్డతో ఒక్కసారి తుడిచేయాలి. ఆరిపోయి ఉంటే ఒక రోజు పూర్తిగా గట్టిపడనిచ్చి, బ్లేడును దాదాపు పడుకోబెట్టి పలుచగా చెక్కి, వాటర్ పేపర్‌తో నునుపు చేయండి.

## వాసన, నిప్పు, గుడ్డలు

మాది అపార్ట్‌మెంట్. బాల్కనీలో చేసుకోవచ్చా?

గాలి బాగా ఆడే బాల్కనీ అయితే చేసుకోవచ్చు, డాబా అయితే ఇంకా మంచిది. మూసిన గదిలో, బాత్రూమ్‌లో వద్దు. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, మన ఎండల్లో మూత తీయగానే ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువైనది, నేల వెంట పాకి పక్క గదిలోని నిప్పును కూడా అందుకోగలదు. దేవుడి గదిలో దీపం, అగరొత్తి, గ్యాస్ స్టవ్, సిగరెట్, స్పార్క్ వచ్చే పాత స్విచ్చు, ఇవేవీ దగ్గర ఉండకూడదు. సాయంత్రం దీపం పెట్టే వేళకు ముందే పని ముగించండి.

ఇంకో సంగతి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనం లీకై మనుషులు చనిపోయిన తర్వాత ఈ ఊళ్ళో రసాయనం వాసన వస్తే జనం గుండెలు అదురుతాయి. అది సహజం. అసిటోన్ వాసన పక్క ఫ్లాట్‌కు వెళ్తుంది కాబట్టి మొదలుపెట్టే ముందే వాళ్ళకు ఏం చేస్తున్నారో, ఎంతసేపు చేస్తారో చెప్పండి. పెద్దవాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు ఉంటే కిటికీలు మూసుకుంటారు.

గ్లౌజులు వేసుకుంటే చాలా?

పలుచటి నీలం నైట్రైల్ గ్లౌజులు అసిటోన్‌కు త్వరగా లొంగిపోతాయి. తడిసిన జతను వెంటనే మార్చాలి. గిన్నెలు తోమే మందపాటి రబ్బరు గ్లౌజులు కొద్దిసేపటి పనికి మెరుగు. కళ్ళజోడు కూడా పెట్టుకోండి, గుడ్డ పిండేటప్పుడు చుక్క చిందేది కంటి వైపే. కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళు పోసి కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

తుడిచిన గుడ్డలు ఎక్కడ పారేయాలి?

తడిగా చెత్తబుట్టలో వేయొద్దు. బయట, నిప్పుకు దూరంగా, పరిచి ఆరబెట్టండి. పూర్తిగా ఆరి వాసన పోయాక తడి చెత్తతో కలపకుండా విడిగా కట్టి, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) చెత్త బండి వాళ్ళకు ఏమిటో చెప్పి ఇవ్వండి. మిగిలిన అసిటోన్‌ను సింకులోనో కాలవలోనో పోయకండి. మూత బిగించి పిల్లలకు అందని చోట దాస్తే మళ్ళీ పనికొస్తుంది. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం ఎప్పుడూ పోయకండి, ఎవరైనా తాగేది అనుకుంటారు.

## తీసేశాక

రుద్దిన చోట మెరుపు పోయింది. మళ్ళీ వస్తుందా?

వస్తుంది, ఓపికుంటే. 600 తర్వాత 1000, తర్వాత 2000 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్ళు పోస్తూ రుద్ది, చివర కారుకు వాడే రబ్బింగ్ కాంపౌండ్‌ను మెత్తటి గుడ్డతో పట్టించండి. ఆటోనగర్ వైపు కారు పెయింటు పనివాళ్ళు రోజూ చేసే పనే ఇది. నాకైతే పైపంతా ఒకే తీరున మెరుపు లేకుండా ఉండటమే నచ్చుతుంది. ఫొటోల్లో ఫ్లాష్ కొట్టదు కాబట్టి బ్యాక్‌డ్రాప్ స్టాండ్లకు అదే బాగుంటుంది.

పెయింటు గోటితో గీకితే ఊడొస్తోంది. ఏం చేయాలి?

పీవీసీ నున్నగా ఉంటుంది, దానికి తోడు తయారీలో వాడిన మైనం లాంటి పదార్థాలు పైన మిగిలి ఉంటాయి. నేరుగా వేసిన పెయింటుకు పట్టు దొరకదు. 320తో పైపంతా గరుకు చేసి, కడిగి, ఆరనిచ్చి, స్పిరిట్‌తో ఒకసారి తుడిచి, ఆ తర్వాత చేత్తో ముట్టుకోకుండా ప్లాస్టిక్ ప్రైమర్ వేయండి. ఇంకు తీయడానికి అసిటోన్ వాడి ఉంటే ప్రైమర్‌కు ముందు ఒక రాత్రి వదిలేయాలి. పెయింటు ఒకేసారి మందంగా కాకుండా పలుచగా రెండు మూడు పూతలు వేయండి.

స్ప్రే పెయింటు వేస్తే తెల్లగా మసకబారింది. డబ్బా పాతదా?

డబ్బాది తప్పు కాకపోవచ్చు, మన గాలిది. స్ప్రేలోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ పైపును చల్లబరుస్తుంది. సముద్రపు తేమ ఆ చల్లటి పైపొర మీద చెమ్మగా చేరి పెయింటులో చిక్కుకుంటుంది. అదే ఆ తెలుపు. వర్షం పడేటప్పుడు, పడి వెలిసినప్పుడు, మంచు కురిసే తెల్లవారుజామున స్ప్రే చేయొద్దు. ఎండ బాగా వచ్చి చెమ్మ ఆరాక, నీడపట్టున చేయండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మధ్యాహ్నాలు ఈ పనికి బాగుంటాయి. చవితికి ముందు వానల్లో తప్పదంటే బ్రష్‌తో ఎమల్షన్ వేయండి, అది ఇంతగా తెల్లబారదు, ఆరడానికి మాత్రం ఎక్కువ సమయం ఇవ్వాలి.

అక్షరాలు కట్టే ముందు తీయాలా, స్టాండు కట్టాక తీయాలా?

ముందే. పొడవాటి పైపుగా ఉన్నప్పుడు ఒక్క ఊపులో తుడవొచ్చు, కోసి బిగించాక ప్రతి ముక్కా మూల మూలన తుడవాలి. జాయింటు దగ్గర అసిటోన్ లోపలికి జారే ప్రమాదమూ ఉండదు. ఒక జాగ్రత్త: ఎల్బోలోకి దూరే పైపు చివరలను వాటర్ పేపర్‌తో ఎక్కువగా అరగదీయకండి, బిగువు పోయి వదులవుతుంది.

మిద్దె తోటలో మొక్కలు పెట్టే గొట్టాలు ఇవి. ద్రావకం మొక్కలకు హాని చేస్తుందా?

పైన తుడిచిన అసిటోన్ ఆవిరైపోతుంది, మొక్కల దాకా రాదు. పైపు లోపలికి కారనివ్వకపోతే చాలు. తుడిచేటప్పుడు రెండు చివరలకూ గుడ్డ కుక్కండి. రంధ్రాలు చేయడానికి ముందే ఇంకు తీసేయండి. ఒక రోజు గాలికి పెట్టి, లోపలా బయటా నీళ్ళతో కడిగాక మట్టి నింపండి. ఆకుకూరలు వేసేవాళ్ళకు నా సలహా, పాత ఇంటి నుంచి పీకిన పైపుల కన్నా తాగునీటికి పనికొచ్చే ఐఎస్ 4985 గుర్తున్న కొత్త పైపు వాడండి. ఆ గుర్తున్న ఫొటో దాచుకుని తర్వాతే అక్షరాలు తుడవండి.

డాబా మీద ఏడాది పొడవునా ఎండలో ఉండే గొట్టాలకు అక్షరాలు తీశాక లేత రంగు ఎమల్షన్ వేయడం మంచిది. ఎండకు పీవీసీ పైపొర సుద్దలా పొడిబారి, దెబ్బ తగిలితే పగిలే గుణం పెరుగుతుంది. లేత రంగు వేస్తే ఆ ఎండ ప్లాస్టిక్‌కు తగలదు, లోపలి వేళ్ళు కూడా అంతగా వేడెక్కవు.

చేపల తొట్టెలో పెట్టే పైపుకు?

ద్రావకం ఏదీ వద్దు. చేపలు చాలా కొద్దిపాటి రసాయనానికీ తట్టుకోలేవు, సబ్బు మిగిలినా ప్రమాదమే. కొత్త వాటర్ పేపర్, మంచినీళ్ళు, ఆ రెండే. రుద్దిన పొడి ఒక్క రేణువు లేకుండా ధారగా కడిగి, బకెట్ నీళ్ళలో ఒక రోజు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కడిగి తొట్టెలో పెట్టండి. పెయింటు వేయకండి.